నమ్మినోళ్ళ జాబితా ఎవరు రాసినారు?

(శ్రీశైలం ప్రాజెక్టు కాలనీ సున్నిపెంటలో మన వాడల కుర్రకారుకు జరిగిన కంప్యూటర్ తరగతిలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మేము మాట్లాడబోయే విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు. భూమి గురించి కాదు, కూలి గురించి కాదు, అట్రాసిటీ కేసు గురించి కాదు. ఈ మూలన బల్ల మీద పెట్టిన పాత కంప్యూటర్ గురించి. అందులో ఇంటర్నెట్ చూసే బ్రౌజర్‌కు ఉన్న భద్రతా జోన్ల గురించి. "ఇన్ని సమస్యలుంటే ఇదేం గోల సారూ" అని ఒక పెద్దాయన ఇందాక వాకిట్లో అడగనే అడిగినాడు. ఆయనకిచ్చిన జవాబే మీకూ చెబుతాం.

ఒకప్పుడు ఊరి లెక్కలన్నీ కరణం దస్త్రంలో ఉండేవి. ఎవరి భూమి ఎవరి పేరున ఎక్కిందో మన తాతలకు తెలిసేది కాదు. చదువు లేదు, చూడనిచ్చేవాళ్ళూ లేరు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినాయి. కరణం పోయినాడు గానీ దస్త్రం పోలేదు. అది కంప్యూటర్ పెట్టెలోకి ఎక్కింది. కుల ధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డు, స్కాలర్‌షిప్, పింఛను, ఉపాధి కూలి అన్నీ ఇప్పుడు ఆ పెట్టె గుండా రావలసినవే. ఆ పెట్టె ఎవరిని నమ్ముతుంది, ఎవరిని నమ్మదు, ఆ సంగతి ఎవరు రాసిపెట్టినారు అని అడగకపోతే, మనం మళ్ళీ కరణం ముందర చేతులు కట్టుకొని నిలబడినట్టే.

మేము ఈ సంగతి నేర్చుకున్నది పుస్తకంలో కాదు. 2016లో మా బడిలో చదివి పెద్ద చదువుకు పోయిన ఒక అమ్మాయి, వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చినారు. "సారూ, పొద్దన్నించి తిరుగుతా ఉండాము. పాప స్కాలర్‌షిప్పుకు రేపే ఆఖరు దినమంట. దాని మెయిలు తెరుచుకోలేదంట" అని ఆ తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అమ్మాయి ముందురోజు ఒక నెట్ సెంటర్‌లో కూర్చొని దరఖాస్తు నింపింది. స్కాలర్‌షిప్ పేరు వెతికితే అచ్చం అసలుదాని లాగే ఉండే ఒక పేజీ వచ్చింది. అందులో ఏదో నొక్కింది. తెల్లారేసరికి ఆమె మెయిల్ పాస్‌వర్డ్ ఎవరో మార్చేసినారు. దరఖాస్తు తాలూకు సమాచారమంతా ఆ మెయిల్‌కే వస్తుంది.

కంప్యూటర్ తెలిసిన ఒక తమ్ముడిని వెంటబెట్టుకొని మేము ఆ సెంటర్‌కు పోయినాం. అతను బ్రౌజర్ సెట్టింగులు తెరిచి చూపించినాడు. ఇంటర్నెట్ జోన్ లోపల ప్రతి వరుసకూ ఎనేబుల్ అని పెట్టి ఉంది. అంటే ఎవరొచ్చి ఏం దించినా అడ్డం లేదు, అడగటం లేదు. సెంటర్ నడిపే కుర్రవాడిని అడిగితే దాచకుండా చెప్పినాడు: "అట్ల పెట్టకుంటే డిజిటల్ సంతకం సైటు ఓపెన్ గాదు సార్. ప్రతిదానికీ అడుగుతా ఉంటాది. జనం లైన్లో ఉంటారు. అందుకే అన్నీ ఇడిచిపెట్టినా." మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది అని పైన ఒక పసుపు పట్టీ వచ్చేదట. రోజూ పొద్దున దాన్ని మూసేసి పనిలో పడేవాడట.

పాస్‌వర్డ్ పోయింది కచ్చితంగా ఆ సెట్టింగుల వల్లనే అని మేము రుజువు చేయలేం. తలుపులన్నీ బార్లా తీసి ఉన్న సంగతి మాత్రం కళ్ళారా చూసినాం. ఆ సంవత్సరం గడువు పొడిగించినారు కాబట్టి అమ్మాయి బతికిపోయింది. పొడిగించకపోతే? ఆ తల్లి మూడు దినాల కూలి అప్పటికే పోయింది. ఇక ఆ బిడ్డ చదువూ పోయేది. తప్పు ఆ కుర్రవాడిదని మేము అనం. అతనూ మనలాంటివాడే. ఆ తలుపు ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

సరే, జోన్ అంటే ఏమిటి? మైక్రోసాఫ్ట్ కంపెనీ 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నాలుగో వెర్షన్‌తో ఈ పద్ధతి తెచ్చింది. లోకంలోని సైట్లన్నిటినీ నాలుగు గదులుగా విడగొట్టినారు. మొదటిది ఇంటర్నెట్: ఎవరో తెలియని బయటి లోకమంతా ఇందులోకి వస్తుంది. రెండోది లోకల్ ఇంట్రానెట్: ఒక ఆఫీసు, ఒక కాలేజీ లోపలి కంప్యూటర్లు. మూడోది ట్రస్టెడ్ సైట్స్: మనం నమ్మి పేరు రాసుకున్నవి. నాలుగోది రిస్ట్రిక్టెడ్ సైట్స్: నమ్మం అని పేరు రాసి పెట్టినవి. ఈ నాలుగూ కాక తెర మీద కనబడని ఐదో గది ఒకటుంది. అది మన కంప్యూటర్ లోపలి ఫైళ్ళది. ఇంట్లోవాళ్ళే కదా అని మొదట్లో దానికి చాలా స్వేచ్ఛ ఇచ్చినారు. దొంగలు ఆ సందులోంచే దూరటం మొదలుపెట్టినారు. 2004లో విండోస్ ఎక్స్‌పీకి వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్‌తో ఆ సందు బిగించినారు.

ఇప్పుడు కొండ మీది సంగతి గుర్తు చేసుకోండి. శ్రీశైలంలో సత్రాలు మనందరం చూసినవే. ఒక్కో కులానికి ఒక్కో సత్రం, బోర్డు మీదనే కులం పేరు. వచ్చినవాడు తాగుబోతా, బుద్ధిమంతుడా అని కాదు, ఎవరింట పుట్టినాడన్నది మొదటి లెక్క. కంప్యూటర్ జోన్ కూడా అట్లాంటి లెక్కే వేస్తుంది. వచ్చిన పేజీ మంచి చేస్తుందా, చెడు చేస్తుందా అని జోన్ చూడదు. ఏ చిరునామా నుంచి వచ్చింది, ఆ చిరునామా ఏ జాబితాలో ఉంది అని చూస్తుంది. జాబితాను బట్టి స్వేచ్ఛ, జాబితాను బట్టి కట్టడి.

జాబితా పెట్టే బాధ మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కర్నూలు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చేదాకా గుడి గడప మన తాతలకు రిస్ట్రిక్టెడ్ జోనే. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ చౌదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నది అట్లాంటి జాబితాను చెరిపేయడానికే. అయితే ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. జాబితాలు మనల్ని ఏడిపించినాయి కాబట్టి కంప్యూటర్‌లో కూడా జాబితాలు వద్దు, అందరినీ రానీ అనుకుంటే పొరపాటు. ఆ నెట్ సెంటర్‌లో జరిగింది అదే. మనిషికి హక్కులుంటాయి. ప్రోగ్రాంకు హక్కుల్లేవు, పని మాత్రమే ఉంటుంది. మనిషికి జోన్ పెట్టటం అన్యాయం. ప్రోగ్రాంకు జోన్ పెట్టకపోవటం అమాయకత్వం.

ఇక చేతితో చేసే పనికి వద్దాం. ఈ కంప్యూటర్‌లో విండోస్ 7 ఉంది, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పదకొండో వెర్షన్ ఉంది. తమ్ముడూ, టూల్స్ నొక్కు. ఇంటర్నెట్ ఆప్షన్స్ తెరువు. సెక్యూరిటీ అనే పేజీకి పో. చూసినారా, నాలుగు బొమ్మలు. భూగోళం బొమ్మ ఇంటర్నెట్. పచ్చ టిక్కు గుర్తు ట్రస్టెడ్. ఎర్ర అడ్డగీత గుర్తు రిస్ట్రిక్టెడ్. కింద పైకీ కిందికీ జరిగే మీట. బయటి లోకానికి మీడియం-హై, నమ్మినవాటికి మీడియం, నమ్మనివాటికి హై. ఇవి కంపెనీ పెట్టి పంపిన స్థాయిలు. పాత ఆరో వెర్షన్‌లో బయటి లోకానికి మీడియం, నమ్మినవాటికి లో అని ఉండేది. దెబ్బలు తిన్నాక 2006లో వచ్చిన ఏడో వెర్షన్ నుంచి బిగించినారు.

మీట కింద కస్టమ్ లెవెల్ అనే బటన్ ఉంది. అది నొక్కితే పొడుగాటి పట్టిక వస్తుంది. చాలా పనులకు ఎనేబుల్, డిసేబుల్, ప్రాంప్ట్ అని ఉంటాయి. ఎనేబుల్ అంటే రానీ. డిసేబుల్ అంటే ఆపు. ప్రాంప్ట్ అంటే నన్ను అడుగు. మన చేతిలోని అసలు అధికారం ఈ మూడో మాటలో ఉంది. అడిగించుకోవటం విసుగు పని కావచ్చు. కానీ మనల్ని అడగకుండా మన పేరు మీద సంతకాలు పెట్టిన కాలం ఎట్లాంటిదో మన పెద్దోళ్ళను అడగండి.

ఈ పట్టికలో తెలుగుకు సంబంధించిన కథ కూడా ఒకటుంది. కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు మామూలుగా దొరకని రోజుల్లో ఈనాడు లాంటి పత్రికల సైట్లు తమ సొంత అక్షరాలను పేజీతోపాటే పంపేవి. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి అనే తెలుగు ఫాంటుతో వచ్చింది. అయినా చాలా ఏండ్లు పత్రికలు సొంత ఫాంట్లనే వాడినాయి. ఈ పట్టికలో ఫాంట్ డౌన్‌లోడ్ అనే వరుస ఉంది చూడండి. భద్రత హైలో పెడితే ఆ అక్షరాలు దిగేవి కావు, లేకపోతే దింపాలా అని ముందు అడిగేవి. దిగకపోతే తెలుగు వార్త బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనబడేది. చాలామంది ఏం చేసినారు? ఆ ఒక్క వరుస మార్చటం తెలియక మీట మొత్తం కిందికి లాగేసినారు. ఒక్క పిల్లకాలువకు నీళ్ళు కావాలని మన డ్యాం పన్నెండు గేట్లూ ఎత్తుతామా? ఎత్తితే 2009 అక్టోబరు వరదలు చూసిన మనకు వేరే చెప్పాలా? తర్వాత వెన్న నాగార్జున అనే తెలుగాయన ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు పద్మ అనే ఉపకరణం తయారుచేసి, ఆ సొంత ఫాంట్లను అందరికీ పనికొచ్చే యూనికోడ్‌లోకి మార్చే దారి చూపినాడు. గేట్లు ఎత్తకుండా నీళ్ళు తెచ్చే పద్ధతి అది.

ఆ నెట్ సెంటర్ కుర్రవాడు చెప్పిన డిజిటల్ సంతకం సంగతీ ఇట్లాంటిదే. సంతకం పెట్టాల్సిన అనేక సైట్లు చాలా ఏండ్లు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే పనిచేసేవి. యాక్టివ్ ఎక్స్ అనే చిన్న ప్రోగ్రాములను మన కంప్యూటర్‌లోకి దించి నడిపేవి. ఇది మన ఒక్క దేశం గొడవ కాదు. దక్షిణ కొరియాలో బ్యాంకు పనులు, కొనుగోళ్ళు దేశమంతా ఈ యాక్టివ్ ఎక్స్‌కే కట్టుబడి, బయటపడటానికి ఇరవై ఏండ్లు పట్టింది. అక్కడి అధికారిక సంతకం పద్ధతిని 2020 డిసెంబరులో రద్దు చేసినారు. పైన కూర్చున్నవాడు సైటును సరిగ్గా తయారుచేయకపోతే, ఆ భారం మోసేది కింద కూర్చున్న కుర్రవాడు, వాడి ముందర లైన్లో నిలబడ్డ మన అమ్మాయి. ఇది ఎప్పుడూ ఉండే కథే.

మరి అట్లాంటి సైటు తప్పనిసరైతే ఏం చేయాలి? ఇంటర్నెట్ జోన్‌ను ముట్టుకోవద్దు. పచ్చ టిక్కు బొమ్మ నొక్కి, సైట్స్ అనే బటన్ నొక్కి, ఆ ఒక్క సైటు చిరునామా రాయండి, యాడ్ నొక్కండి. దాని కింద చిన్న గడి ఉంది. చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలైతేనే జాబితాలోకి రానిస్తానని దాని అర్థం. ఆ టిక్కు తీయవద్దు. పని అయిపోయినాక ఆ పేరు తీసేయండి. ఆ సెంటర్‌లో ట్రస్టెడ్ జాబితా చూస్తే ఎప్పటివో ఎవరివో పేర్లు బారెడు ఉన్నాయి. ఎవరు రాసినారో ఎవరికీ తెలియదు. నమ్మిన సైటునే దొంగలు ఆక్రమించుకుంటే, మనం దానికిచ్చిన స్వేచ్ఛ అంతా దొంగలకే అందుతుంది. కాబట్టి నమ్మకం ఒకసారి ఇచ్చి మరిచిపోయేది కాదు.

సెట్టింగులు ఎవరో కెలికినారని అనుమానం వస్తే ఇంకో బటన్ ఉంది. రీసెట్ ఆల్ జోన్స్ టు డిఫాల్ట్ లెవెల్. నాలుగు గదుల స్థాయిలూ మొదటికి వస్తాయి. కానీ ట్రస్టెడ్ జాబితాలోని పేర్లు వాటంతట అవి పోతాయనుకోవద్దు. తెరిచి, చదివి, మనమే తీసేయాలి.

ఇంకో గుర్తు కూడా ఉంది. ఇంటర్నెట్ నుంచి ఫైలు దించుకుంటే విండోస్ దానికి కనబడని ముద్ర వేస్తుంది. ఇది మూడో నంబరు జోన్ నుంచి, అంటే బయటి లోకం నుంచి వచ్చింది అని. అందుకే కొన్ని ఫైళ్ళు తెరిచేటప్పుడు హెచ్చరిక వస్తుంది. ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ నొక్కితే ఆ ముద్ర పోతుంది. చాలా పెన్ డ్రైవులలోకి కాపీ చేసినా ఆ ముద్ర ఊడిపోతుంది. పక్క కంప్యూటర్‌లో పెట్టినప్పుడు ఏ హెచ్చరికా రాదు. పెన్ డ్రైవులో వచ్చింది మన స్నేహితుడు ఇచ్చిందే కావచ్చు. కానీ స్నేహితుడికి ఎక్కడి నుంచి వచ్చింది? అది అడగాలి.

ఇప్పుడు చేదు మాట కూడా చెప్పాలి. జోన్లు ఎంత సరిగ్గా పెట్టినా పాత కంప్యూటర్ కొత్తది కాదు. విండోస్ ఎక్స్‌పీకి మరమ్మతులు 2014 ఏప్రిల్‌లో ఆగిపోయినాయి. విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో మామూలు మరమ్మతులు ఆగినాయి. విండోస్ 10లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను 2022 జూన్ 15న విరమింపజేసినారు. అంటే కొత్తగా ఏ సందు బయటపడినా పూడ్చే మేస్త్రీ లేడు. గోడకు పగులు వస్తే తలుపు గడియ ఎంత గట్టిగా వేసినా ఏం లాభం?

ఇంకొకటి. పాత కంప్యూటర్‌లో సైటు తెరుచుకోకపోతే వెంటనే భద్రత తగ్గించే అలవాటు మానుకోవాలి. చాలాసార్లు కారణం జోన్ కాదు. ఎక్స్‌పీలోని పాత బ్రౌజర్‌కు ఇప్పటి సైట్లు వాడే తాళం భాష రాదు. మీట ఎంత కిందికి లాగినా ఆ భాష వచ్చేది లేదు. కొన్నిసార్లు కారణం ఇంకా చిన్నది. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి కంప్యూటర్ తేదీ ఏండ్ల వెనక్కి పోయి ఉంటుంది. సైటు చూపించే ధ్రువీకరణ పత్రానికి ఆ తేదీ కుదరదు, తప్పు అని వస్తుంది. ముందు మూలన ఉన్న గడియారం చూడండి. తేదీ సరిచేస్తే తెరుచుకునే సైటు కోసం ఇల్లంతా తెరిచి పెట్టుకోవద్దు.

అయితే ఈ పెట్టెను పారేయాలా? పారేయొద్దు. మనకు కొత్తవి ఎవరూ ఇవ్వరు, ఉన్నదాన్ని తెలివిగా వాడుకోవాలి. దీని మీద టైపు నేర్చుకోండి, లెక్కల పట్టికలు నేర్చుకోండి, దించిపెట్టిన పుస్తకాలు చదవండి. బ్యాంకు పని, ఆధార్ పని, పాస్‌వర్డ్ పెట్టే ఏ పనీ దీని మీద వద్దు. వాటికి మరమ్మతులు అందుతున్న కంప్యూటరో ఫోనో వాడండి. రెండో దారి, విండోస్ తీసేసి లైనక్స్ వేసుకోవటం. అది ఉచితం, పాత పెట్టెల మీద నడిచే రకాలు ఉన్నాయి, మరమ్మతులు అందుతాయి. బెంగళూరులో ఒక మురికివాడ పిల్లలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలతో కలిసి అంబేడ్కర్ పేరు మీదనే కంప్యూటర్ కేంద్రం నడిపి చూపించినారు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులోనే లైనక్స్ తెచ్చింది. వాళ్ళు చేయగా లేనిది మనం చేయలేమా?

జోన్లు పాతబడిన ముచ్చట, ఇప్పుడెందుకు నేర్చుకోవాలి అని ఎవరైనా అనవచ్చు. కొత్త విండోస్‌లో కూడా ఇంటర్నెట్ ఆప్షన్స్ ఉంది. ఎడ్జ్ బ్రౌజర్ లోపల పాత సైట్ల కోసం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్ అని పెట్టినారు, 2029 దాకా అయినా ఉంచుతామని కంపెనీ చెప్పింది. ఆఫీసుల్లో ఆ పాత జాబితాలు ఇంకా బతికే ఉన్నాయి. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి. పేరు మారుతుంది, ప్రశ్న మారదు. రేపు ఫోన్‌లో ఒక యాప్ మీ ఫోటోలు చూడనా, మీ మెసేజీలు చదవనా అని అడుగుతుంది. అది కూడా జోనే. ఎనేబులా, డిసేబులా, ప్రాంప్టా అన్నదే అక్కడా ప్రశ్న.

కాబట్టి ఈ తరగతి నుంచి పోయేటప్పుడు ఒక పని పెట్టుకొని పోండి. మీ వాడకు దగ్గరున్న నెట్ సెంటర్‌కు, మీ బడికి, మీ హాస్టల్‌కు పోండి. గొడవ పెట్టుకోవద్దు. "అన్నా, ఒక్కసారి సెక్యూరిటీ పేజీ చూపిస్తావా" అని మర్యాదగా అడగండి. అన్నీ ఎనేబుల్ అని ఉంటే ఎందుకో అడగండి, ఎట్లా సరిచేయాలో చూపించండి. ట్రస్టెడ్ జాబితా చదవండి. మీ పని అయినాక మెయిల్ నుంచి బయటికి వచ్చినారో లేదో చూసుకోండి. మీ అమ్మా నాయన వేలిముద్ర వేసే చోట వాళ్ళ పక్కన నిలబడండి.

ఆ 2016 అమ్మాయి చదువు ముగించింది. ఈ రోజు ఈ గదిలో చివరి వరుసలో కూర్చొని ఉంది. ఇక ఆదివారాలు ఈ తరగతి నడిపేది ఆమే. మేము మీట ఎక్కడుందో చూపించినాం, అంతే. తన జాబితా తాను రాసుకోవటం ఎట్లాగో మీకు నేర్పేది, ఒకసారి దెబ్బ తిని నేర్చుకున్న ఆ చెల్లెలు.

మన పేర్లు జాబితాల్లో ఎక్కించినవాళ్ళను మన తాతలు అడగలేకపోయినారు. మనం అడగటం నేర్చుకున్నాం. ఇక జాబితా రాయటం కూడా నేర్చుకుందాం.

జై భీమ్!